కనెక్ట్ అయింది సరే, ఏ డేటాబేస్‌కు?

ఈమెయిల్ మార్కెటింగ్ సాఫ్ట్‌వేర్‌ను సొంత సర్వర్‌లో పెట్టుకునేవాళ్లు మొదట ఇరుక్కునేది డేటాబేస్ దగ్గరే. హోస్ట్, పోర్ట్, యూజర్, పాస్‌వర్డ్, డేటాబేస్ పేరు అనే ఐదు గడులు నింపాలి. అవి సరిగ్గా పడితే లాగిన్ పేజీ వస్తుంది, హమ్మయ్య అనుకుంటారు. పడకపోతే టెన్షన్ మొదలవుతుంది, రాత్రంతా వెతుకుతారు. కానీ కనెక్ట్ కాకపోవడం వల్ల జరిగే నష్టం చాలా చిన్నది. డేటాబేస్ దొరకకపోతే ఒక్క మెయిల్ కూడా బయటికి పోదు. అసలు భయపడాల్సింది తప్పు డేటాబేస్‌కు చక్కగా కనెక్ట్ అయినప్పుడు. అప్పుడు ఏ ఎర్రరూ రాదు. మెయిళ్లు మాత్రం వెళ్లిపోతాయి, ఎప్పుడో ‘నాకు పంపొద్దు’ అని చెప్పినవాళ్లకు కూడా.

ఏదో ఒక సాఫ్ట్‌వేర్‌ను ఎదురుగా పెట్టుకుని చూస్తే ఈ సంగతి తేలిగ్గా తెలుస్తుంది. లిస్ట్‌మాంక్ అందుకు బాగా పనికొస్తుంది. బెంగళూరులోని స్టాక్ బ్రోకింగ్ సంస్థ జెరోధాలో టెక్నాలజీ అధిపతిగా ఉన్న కైలాష్ నాధ్ రాసిన ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఇది, 2019లో బయటికి వచ్చింది. గో భాషలో రాసిన ఒకే ఒక్క ప్రోగ్రామ్ ఫైల్, దాని వెనక ఒక పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ ఉంటే చాలు, నడుస్తుంది. పీహెచ్‌పీ లిస్ట్, మాటిక్ లాంటివి మైఎస్‌క్యూఎల్ లేదా మరియాడీబీ అనే డేటాబేస్‌ల మీద నడుస్తాయి. వాటి తలనొప్పులు కొంచెం వేరు, వాటి దగ్గరికి తర్వాత వద్దాం.

లిస్ట్‌మాంక్ డేటాబేస్‌లో ఉండేది ఈమెయిల్ అడ్రస్‌లు మాత్రమే అనుకుంటే పొరపాటు. ఒక టేబుల్‌లో మనుషులుంటారు, ఇంకో టేబుల్‌లో లిస్టులుంటాయి. ఈ రెండింటినీ కలిపే మూడో టేబుల్‌లో ఎవరు ఏ లిస్టులో ఉన్నారు, కన్‌ఫర్మ్ చేశారా, ఇంకా చేయలేదా, వద్దని చెప్పారా అన్నది రాసి ఉంటుంది. క్యాంపెయిన్ల టేబుల్‌లో ఒక్కో క్యాంపెయిన్ ఎంతమందికి వెళ్లాలి, ఎంతమందికి వెళ్లింది, చివరగా ఏ నంబరు సబ్‌స్క్రైబర్ దాకా వచ్చింది అన్న లెక్క ఉంటుంది. మధ్యలో సర్వర్ ఆగిపోయి మళ్లీ లేచినా మొదటి నుంచి పంపకుండా ఆగిన చోటు నుంచి అందుకోవడం ఆ నంబరు వల్లే సాధ్యం. మెయిల్ పంపే ఎస్‌ఎంటీపీ సర్వర్ వివరాలు, దాని పాస్‌వర్డ్ కూడా డేటాబేస్‌లోని సెట్టింగ్స్ టేబుల్‌లోనే ఉంటాయి. కాన్ఫిగ్ ఫైల్‌లో మిగిలేది దాదాపుగా డేటాబేస్ అడ్రస్ ఒక్కటే. కాబట్టి ఆ ఐదు గడుల్లో ఒక్క మాట మారితే ఎవరికి పంపాలి, ఎవరికి పంపకూడదు, ఏ దారిలో పంపాలి అన్న మూడూ ఒక్కసారే మారిపోతాయి.

ఎర్రర్‌ను చదివితే సగం పని అయినట్టే

ఎర్రర్ కనపడగానే చాలామంది పాస్‌వర్డ్ మార్చి చూస్తారు. అది కుదరకపోతే ఫైర్‌వాల్ తీసేస్తారు. అదీ కుదరకపోతే అంతా తుడిచేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తారు. ఇంత యాతన అక్కర్లేదు. కనెక్షన్ ఎప్పుడూ ఒకే వరుసలో జరుగుతుంది. ముందు హోస్ట్ పేరు ఐపీ అడ్రస్‌గా మారాలి. ఆ అడ్రస్‌లో ఆ పోర్ట్ తెరిచి ఉండాలి. ఈ మెషీన్ నుంచి వచ్చేవాళ్లను రానివ్వొచ్చు అనే నిబంధన అవతల రాసి ఉండాలి. పాస్‌వర్డ్ సరిపోవాలి. అడిగిన పేరుతో డేటాబేస్ ఉండాలి. చివరగా అందులో టేబుళ్లు కట్టుకునే హక్కు ఆ యూజర్‌కు ఉండాలి. ఎర్రర్ వీటిలో ఏ మెట్టు దగ్గర వచ్చిందో తెలిస్తే, దానికి ముందున్న మెట్లన్నీ సరిగ్గా ఉన్నట్టే. పాస్‌వర్డ్ తప్పని పోస్ట్‌గ్రెస్ చెప్పిందంటే ఫైర్‌వాల్ జోలికి పోవాల్సిన పనే లేదు, అవతల ఒక పోస్ట్‌గ్రెస్ ఉంది, మాట వినిపించింది, జవాబు కూడా ఇచ్చింది. ఆ జవాబిచ్చింది మనం అనుకున్న పోస్ట్‌గ్రెస్సేనా అన్నది ఒక్కటే చూసుకోవాలి. ఒకే మెషీన్‌లో పాతది ఒకటి, కొత్తది ఒకటి పెట్టుకున్నవాళ్లకు ఈ తికమక మామూలే.

పోస్ట్‌గ్రెస్ మామూలుగా 5432 పోర్ట్‌లో వింటుంది, మైఎస్‌క్యూఎల్ 3306లో. ‘కనెక్షన్ రెఫ్యూజ్డ్’ అని వెంటనే వస్తే మెషీన్ దొరికింది గానీ ఆ పోర్ట్‌లో ఎవరూ వినడం లేదని అర్థం. డేటాబేస్ లేవలేదేమో, లేదా తన మెషీన్ లోపలి నుంచి వచ్చే మాటలు మాత్రమే వింటోందేమో. పోస్ట్‌గ్రెస్ స్వతహాగా అలాగే ఉంటుంది, బయటి మెషీన్లకు వినాలంటే విడిగా చెప్పాలి. అలా కాకుండా చాలాసేపు తిరిగి తిరిగి ‘టైమ్ అవుట్’ వస్తే దారిలో ఫైర్‌వాల్ ఏదో ప్యాకెట్లను మింగేస్తోందని ఎక్కువగా అనుమానించాలి. క్లౌడ్‌లో అద్దెకు తీసుకున్న డేటాబేస్ అయితే సెక్యూరిటీ గ్రూప్ నిబంధనల్లో మన సర్వర్ అడ్రస్ చేర్చలేదేమో చూసుకోవాలి. ఈ రెండు ఎర్రర్లకూ మందు వేర్వేరు.

ఒక్కో సాఫ్ట్‌వేర్‌ను కంటైనర్ అనే విడి పెట్టెలో పెట్టి నడిపే డాకర్ వాడేవాళ్లకు ఎదురయ్యే చిక్కుల్లో ఎక్కువ భాగం లోకల్‌హోస్ట్ అనే ఒక్క మాట దగ్గరే ఉంటాయి. కంటైనర్ లోపల లోకల్‌హోస్ట్ అంటే ఆ కంటైనరే. పక్క కంటైనర్‌లో ఉన్న పోస్ట్‌గ్రెస్ దానికి కనపడదు. ఏ కంటైనర్ ఎలా నడవాలో రాసుకునే కంపోజ్ ఫైల్‌లో డేటాబేస్ సర్వీస్‌కు ఏ పేరు పెట్టారో అదే హోస్ట్ గడిలో రాయాలి. ఆ పేరును ఐపీగా మార్చి ఇచ్చే పని డాకర్ చూసుకుంటుంది, రెండు కంటైనర్లూ ఒకే నెట్‌వర్క్‌లో ఉంటే చాలు.

దీనికంటే ఎక్కువ ఏడిపించేది పాస్‌వర్డ్. కంపోజ్ ఫైల్‌లో పోస్ట్‌గ్రెస్ పాస్‌వర్డ్ రాస్తాం కదా, అది పనిచేసేది డేటాబేస్ మొట్టమొదటిసారి లేచినప్పుడు మాత్రమే. ఆ తర్వాత డేటా అంతా కంటైనర్ పోయినా మిగిలే వాల్యూమ్ అనే నిల్వ చోటులో ఉంటుంది, పాత పాస్‌వర్డ్ కూడా అందులోనే ఉండిపోతుంది. ఫైల్‌లో కొత్తది రాసి కంటైనర్‌ను ఎన్నిసార్లు రీస్టార్ట్ చేసినా అది మారదు. ఈ దశలో ‘వాల్యూమ్ తీసేయండి, పనిచేస్తుంది’ అనే సలహా దొరుకుతుంది. నిజమే, పనిచేస్తుంది, ఎందుకంటే లోపలున్న సబ్‌స్క్రైబర్లందరూ పోయి ఖాళీ డేటాబేస్ కొత్త పాస్‌వర్డ్‌తో లేస్తుంది. చేయాల్సింది అది కాదు. డేటాబేస్ కంటైనర్ లోపలికి వెళ్లి యూజర్ పాస్‌వర్డ్‌ను ఎస్‌క్యూఎల్ కమాండ్‌తో మార్చాలి.

ఇంకో చిన్న సంగతి. అసలు ఆ పేరుతో యూజరే లేకపోయినా పోస్ట్‌గ్రెస్ బయటికి ‘పాస్‌వర్డ్ ఆథెంటికేషన్ ఫెయిల్డ్’ అనే చెబుతుంది. ఏ పేర్లు ఉన్నాయో బయటివాళ్లు ఊహించి పట్టుకోకుండా అలా చేశారు. నిజం సర్వర్ లాగ్‌లో ఉంటుంది. యూజర్ పేరులో ఒక్క అక్షరం తప్పు పెట్టుకుని పాస్‌వర్డ్‌తో కుస్తీ పట్టేవాళ్లకు ఆ లాగ్ ఒక్కసారి తెరిస్తే విషయం తేలిపోతుంది. పాస్‌వర్డ్‌లో డాలర్ గుర్తు, హ్యాష్, ఎట్ గుర్తు లాంటివి ఉన్నా జాగ్రత్త. కంపోజ్ ఫైల్‌లో డాలర్‌ను వేరియబుల్ అనుకుంటుంది, ఒకే వరుసలో రాసే కనెక్షన్ అడ్రస్‌లో ఎట్ గుర్తును హోస్ట్ మొదలయ్యే చోటు అనుకుంటుంది. పాస్‌వర్డ్ బలం పొడవులో ఉంటుంది కాబట్టి అక్షరాలు, అంకెలతోనే పొడుగ్గా పెట్టుకుంటే ఈ గొడవ ఉండదు.

చివరి మెట్టు హక్కులది. నెట్‌లో దొరికే పాత పాఠాల్లో ‘యూజర్‌ను తయారు చేయండి, డేటాబేస్ తయారు చేయండి, ఆ డేటాబేస్ మీద అన్ని హక్కులూ ఇవ్వండి’ అని ఉంటుంది. 2022లో వచ్చిన పోస్ట్‌గ్రెస్ 15 నుంచి అది సరిపోదు. అంతకుముందు పబ్లిక్ అనే స్కీమాలో, అంటే టేబుళ్లను ఉంచే అరలో, ఎవరైనా టేబుల్ కట్టుకోగలిగేవారు, 15 నుంచి డేటాబేస్ యజమానికే ఆ హక్కు మిగిలింది. అందువల్ల కనెక్షన్ కుదురుతుంది గానీ ఇన్‌స్టాల్ మొదలుపెట్టగానే ‘పర్మిషన్ డినైడ్ ఫర్ స్కీమా పబ్లిక్’ అని ఆగిపోతుంది. దీనికి శుభ్రమైన పరిష్కారం, డేటాబేస్‌ను తయారు చేసేటప్పుడే లిస్ట్‌మాంక్ కోసం పెట్టిన యూజర్‌ను దానికి యజమానిగా రాయడం. కొందరు విసుగొచ్చి సూపర్‌యూజర్ హక్కులిచ్చేస్తారు. అలా ఇస్తే అదే సర్వర్‌లో ఉన్న మిగతా డేటాబేస్‌లన్నింటికీ తాళాలు ఈ మెయిల్ సాఫ్ట్‌వేర్ చేతిలో పెట్టినట్టే. అది ఎంత మాత్రం చేయకూడని పని.

తుడిచేసే కమాండ్

ఇన్‌స్టాల్ కమాండ్ గురించి విడిగా చెప్పుకోవాలి. లిస్ట్‌మాంక్‌లో ఇన్‌స్టాల్ అంటే టేబుళ్లు కొత్తగా కట్టడం. అప్పటికే ఆ డేటాబేస్‌లో లిస్ట్‌మాంక్ టేబుళ్లు ఉంటే వాటిని తుడిచేసి మళ్లీ కడుతుంది. ఆ మాట స్క్రీన్ మీద హెచ్చరికగా చెప్పి, కొనసాగించాలా అని అడుగుతుంది. మనిషి ఎదురుగా ఉంటే చదివి ఆగుతాడు. కానీ ఆటోమేటిక్‌గా నడిపే స్క్రిప్టుల్లో ‘అన్నింటికీ అవుననే అనుకో’ అనే ఆప్షన్ పెట్టేస్తారు. అప్పుడు అడిగేదీ ఉండదు, ఆగేదీ ఉండదు. కంటైనర్ లేచిన ప్రతిసారీ ఆ కమాండ్ నడిచేలా రాసి ఉంటే, కంటైనర్ రీస్టార్ట్ అయిన ప్రతిసారీ లిస్టు ఖాళీ అవుతుంది.

దీనికి విరుగుడుగా ఐడెంపొటెంట్ అనే ఆప్షన్ ఉంది. అది పెడితే డేటాబేస్ ఖాళీగా ఉన్నప్పుడు మాత్రమే ఇన్‌స్టాల్ జరుగుతుంది, టేబుళ్లు ఉంటే ఏమీ ముట్టుకోదు. ఎక్కడి నుంచో కాపీ చేసుకున్న కంపోజ్ ఫైల్ వాడేవాళ్లు ముందుగా చూడాల్సిన వరుస ఇది. అవునని అనుకునే ఆప్షన్ ఉండి ఐడెంపొటెంట్ లేకపోతే ఆ ఫైల్‌ను అలాగే నడపకూడదు.

తెలుగు అక్షరాలు, మైఎస్‌క్యూఎల్

పీహెచ్‌పీ లిస్ట్, మాటిక్ వాడేవాళ్ల దగ్గర కథ కొంచెం మారుతుంది. మైఎస్‌క్యూఎల్‌లో హోస్ట్ దగ్గర లోకల్‌హోస్ట్ అని రాస్తే లైనక్స్ మెషీన్లలో అది నెట్‌వర్క్ దారిలోకే పోదు, అదే మెషీన్‌లోని ప్రోగ్రాములు మాట్లాడుకునే సాకెట్ ఫైల్ ద్వారా వెళుతుంది. 127.0.0.1 అని రాస్తే పోర్ట్ ద్వారా వెళుతుంది. ఒకటి పనిచేసి రెండోది పనిచేయకపోవడానికి కారణం అదే. పైగా మైఎస్‌క్యూఎల్‌కు యూజర్ అంటే పేరు ఒక్కటే కాదు, పేరు, వచ్చిన చోటు రెండూ కలిపి ఒక యూజర్. లోకల్‌హోస్ట్ నుంచి వచ్చే యూజర్‌కు హక్కులిచ్చి, సాఫ్ట్‌వేర్‌ను వేరే మెషీన్‌లో పెడితే పాస్‌వర్డ్ సరైనదే అయినా లోపలికి రానివ్వనని 1045 లేదా 1130 ఎర్రర్ వస్తుంది.

తెలుగులో మెయిళ్లు పంపేవాళ్లు ఇంకో విషయం దగ్గర ఆగాలి. కనెక్షన్‌కు అక్షరాల కోడింగ్, అంటే అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతి, కూడా ఒక సెట్టింగే. తెలుగు అక్షరం ఒక్కోటి యూటీఎఫ్ 8లో 3 బైట్లు తీసుకుంటుంది. మైఎస్‌క్యూఎల్‌లో చాలాకాలం ‘యూటీఎఫ్ 8’ అనే పేరుతో ఉన్నది నిజానికి 3 బైట్ల వరకే పట్టుకునే కోడింగ్. తెలుగు అందులో సరిగ్గా పట్టేసేది కాబట్టి అంతా బాగుందనిపించేది. ఎమోజీకి మాత్రం 4 బైట్లు కావాలి. ఉగాది శుభాకాంక్షలు అని రాసి పక్కన ఒక ఎమోజీ పెట్టగానే కొన్ని చోట్ల ఎర్రర్ వచ్చేది, కొన్ని చోట్ల ఏ ఎర్రరూ లేకుండా ఎమోజీ నుంచి తర్వాతి మాటలన్నీ తెగిపోయేవి. 4 బైట్లు పట్టే కోడింగ్‌ను యూటీఎఫ్ 8 ఎంబీ 4 అంటారు. 2018లో వచ్చిన మైఎస్‌క్యూఎల్ 8.0 నుంచి అదే స్వతహాగా ఉంటోంది. అంతకుముందు స్వతహాగా ఉండింది ల్యాటిన్ 1, అందులో తెలుగు పట్టదు, ప్రశ్నార్థకాలే మిగులుతాయి.

ప్రశ్నార్థకాలు కనపడితే కనీసం తప్పు జరిగిందని తెలుస్తుంది. కనపడని తప్పు ఇంకోటి ఉంది. సాఫ్ట్‌వేర్ తెలుగును యూటీఎఫ్ 8 బైట్లుగా పంపుతుంది, కనెక్షన్ మాత్రం ల్యాటిన్ 1 అని చెప్పుకుంటుంది. అప్పుడు డేటాబేస్ ఆ 3 బైట్లను మూడు వేర్వేరు ల్యాటిన్ అక్షరాలుగా దాచుకుంటుంది. చదివేటప్పుడు కూడా అదే తప్పు కనెక్షన్ ద్వారా చదువుతారు కాబట్టి అవే బైట్లు తిరిగి వస్తాయి, స్క్రీన్ మీద తెలుగు చక్కగా కనపడుతుంది. ఇలా ఏళ్ల తరబడి నడిచిపోతుంది. ఒకరోజు సాఫ్ట్‌వేర్‌ను కొత్త వెర్షన్‌కు మారుస్తారు, కొత్త వెర్షన్ కనెక్షన్‌ను సరిగ్గా యూటీఎఫ్ 8 ఎంబీ 4లో తెరుస్తుంది, అప్పటిదాకా లక్షణంగా కనపడిన పేర్లన్నీ అడ్డదిడ్డమైన ల్యాటిన్ అక్షరాలుగా మారిపోతాయి. తప్పు కొత్త వెర్షన్‌ది కాదు, పాత కనెక్షన్‌ది. ఈ స్థితిలో కంగారుపడి కొత్త డేటా చేర్చుకుంటూ పోతే సగం సరైన అక్షరాలు, సగం పాడైనవి ఒకే టేబుల్‌లో కలిసిపోయి బాగుచేయడం మరీ కష్టమవుతుంది. వెంటనే ఆపి, కాపీ తీసుకుని, పాత వరుసలను ఒకేసారి మార్చుకోవాలి. ఇది జరిగిందో లేదో ముందే తెలుసుకునే మార్గం సులభం. ‘శ్రీ’ అన్న మాటలో శ, పొల్లు గుర్తు, ర, గుడిదీర్ఘం కలిపి నాలుగు యూనికోడ్ అక్షరాలున్నాయి. డేటాబేస్‌నే ఆ మాటలో ఎన్ని అక్షరాలున్నాయో అడగాలి. 4 అని చెబితే సరిగ్గా ఉంది, 12 అని చెబితే బైట్లను అక్షరాలుగా లెక్కపెడుతోంది.

ఎన్ని కనెక్షన్లు, ఎంత బయటికి

లిస్ట్‌మాంక్ కాన్ఫిగ్‌లో ఒకేసారి ఎన్ని కనెక్షన్లు తెరవొచ్చో చెప్పే గడి ఉంటుంది, నమూనా ఫైల్‌లో 25 అని ఉంటుంది. పోస్ట్‌గ్రెస్ స్వతహాగా మొత్తం 100 వరకు ఒప్పుకుంటుంది, అందులో 3 అడ్మిన్ కోసం పక్కన పెట్టుకుంటుంది. అదే డేటాబేస్ సర్వర్‌ను వెబ్‌సైట్, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ కూడా వాడుతుంటే ఈ కూడికలు చేసుకోవాల్సిందే. మెయిళ్లు త్వరగా పోతాయని 25ను 200 చేయడం వల్ల లాభం లేదు. మామూలు చిన్న లిస్టుల్లో వేగాన్ని ఆపేది ఎస్‌ఎంటీపీ అవతలివాళ్ల పరిమితి, డేటాబేస్ కాదు.

పోర్ట్ బయటి ప్రపంచానికి తెరిచి ఉండటం మాత్రం అంత తేలిగ్గా తీసుకునే విషయం కాదు. ఉబుంటు సర్వర్‌లో ఫైర్‌వాల్ పెట్టాం, 5432 మూసేశాం అనుకుంటారు. డాకర్ మాత్రం పోర్టులు తెరిచేటప్పుడు తన నిబంధనలను తానే నేరుగా కెర్నెల్‌లో రాసుకుంటుంది, ఆ ఫైర్‌వాల్ గడపను దాటుకుని పోతుంది. కంపోజ్ ఫైల్‌లో 5432:5432 అని ఒక్క వరుస ఉంటే చాలు, వేల మంది అడ్రస్‌లున్న డేటాబేస్ ఇంటర్నెట్‌లో ఎవరైనా తట్టగలిగే చోట ఉంటుంది. నిజానికి కంటైనర్లు రెండూ ఒకే నెట్‌వర్క్‌లో ఉంటే ఆ వరుసే అక్కర్లేదు. మన లాప్‌టాప్ నుంచి చూసుకోవాలనిపిస్తే ఆ వరుసకు ముందు 127.0.0.1: అని చేర్చి, ఎస్‌ఎస్‌హెచ్ టన్నెల్ అనే రహస్య దారి ద్వారా వెళ్లాలి. డేటాబేస్ వేరే చోట ఉంటే ఎస్‌ఎస్‌ఎల్ మోడ్ గడిలో ‘డిసేబుల్’ ఉంచకూడదు. ‘రిక్వైర్’ అని పెడితే దారిలో మాటలు రహస్యంగా ఉంటాయి గానీ అవతల ఉన్నది మన సర్వరేనా అని చూడదు. అది కూడా చూడాలంటే ‘వెరిఫై ఫుల్’ పెట్టి సర్టిఫికెట్ ఇవ్వాలి.

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, డేటాను కాపాడే తగిన జాగ్రత్తలు తీసుకోనివాళ్లకు రూ. 250 కోట్ల వరకు జరిమానా రాసింది. అది గరిష్ఠ పరిమితి, ప్రతి చిన్న దుకాణం మీదా పడేది కాదు. అయినా మనుషుల అడ్రస్‌లు మన దగ్గర పెట్టుకోవడం ఒక బాధ్యత అని ఆ అంకె గుర్తు చేస్తుంది.

కాపీ డేటాబేస్ చేసే పని

ఇప్పుడు మొదట చెప్పిన ప్రమాదం దగ్గరికి వద్దాం. కొత్త వెర్షన్ పరీక్షించడానికి అసలు డేటాబేస్ కాపీ తీసి టెస్ట్ సర్వర్‌లో పెట్టడం అందరూ చేసేదే, చేయాల్సినదే. కానీ కాపీతో పాటు ఏమేమి వస్తాయో గుర్తు పెట్టుకోవాలి. ఎస్‌ఎంటీపీ పాస్‌వర్డ్ డేటాబేస్‌లోనే ఉంటుందని చెప్పుకున్నాం కదా, అది వస్తుంది. రేపు ఉదయం పది గంటలకు పోవాల్సిన షెడ్యూల్డ్ క్యాంపెయిన్ కూడా వస్తుంది. రేపు పది గంటలకు అసలు సర్వర్ పంపుతుంది, టెస్ట్ సర్వర్ కూడా పంపుతుంది. ప్రతి ఒక్కరికీ ఒకే మెయిల్ రెండుసార్లు. ఇందులో ఎవరి పాస్‌వర్డూ తప్పు కాదు, ఏ కనెక్షనూ తెగలేదు, లాగ్‌లో ఎర్రరూ లేదు.

లిస్ట్‌మాంక్‌లో ప్యాసివ్ అనే ఆప్షన్‌తో నడిపితే స్క్రీన్లన్నీ పనిచేస్తాయి గానీ క్యాంపెయిన్లు పంపే పని ముట్టుకోదు. టెస్ట్ కాపీని మొదటిసారి లేపేటప్పుడు ఆ ఆప్షన్ తప్పనిసరిగా ఉండాలి. ఇంకా మంచిది, సాఫ్ట్‌వేర్‌ను లేపకముందే సెట్టింగ్స్ టేబుల్‌లోని ఎస్‌ఎంటీపీ వివరాలను పనికిరాని అడ్రస్‌తో మార్చేయడం. అసలు డేటాబేస్‌కూ టెస్ట్ డేటాబేస్‌కూ యూజర్ పేరు, పాస్‌వర్డ్ వేరుగా పెట్టాలి. కాన్ఫిగ్ ఫైల్ ఒక చోటి నుంచి ఇంకో చోటికి కాపీ అయినప్పుడు, అదే పాస్‌వర్డ్ అయితే కనెక్షన్ నిశ్శబ్దంగా కుదిరిపోతుంది. వేరే పాస్‌వర్డ్ అయితే ఎర్రర్ వచ్చి ఆగుతుంది. ఆ ఎర్రర్ మనకు మేలు చేసే ఎర్రర్. డేటాబేస్ పేరులోనే టెస్ట్ అనే మాట పెట్టడం కూడా చిన్నదే గానీ పనికొచ్చే అలవాటు.

రెండో సందర్భం సర్వర్ పాడై బ్యాకప్ నుంచి లేపినప్పుడు. బ్యాకప్ నాలుగు రోజుల నాటిది అనుకుందాం. ఆ నాలుగు రోజుల్లో కొత్తగా చేరినవాళ్లు పోతారు, అది నష్టమే గానీ వాళ్లు మళ్లీ చేరొచ్చు. అదే నాలుగు రోజుల్లో అన్‌సబ్‌స్క్రైబ్ చేసినవాళ్లు మళ్లీ లిస్టులోకి వచ్చేస్తారు. వాళ్లకు తెలియకుండా వాళ్ల మాటను వెనక్కి తీసుకున్నట్టవుతుంది. రోజుకు 5000 మెయిళ్లకు పైగా జీమెయిల్ అడ్రస్‌లకు పంపేవాళ్లు ఒక్క క్లిక్‌తో అన్‌సబ్‌స్క్రైబ్ అయ్యే వీలు ఇవ్వాలని, ఆ కోరికను రెండు రోజుల్లో అమలు చేయాలని 2024లో గూగుల్ నిబంధన తెచ్చింది, యాహూ కూడా అదే దారిలో నడిచింది. స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతానికి చేరితే మెయిళ్లు ఇన్‌బాక్స్‌కు చేరడమే కష్టమవుతుంది. వద్దన్నాక మళ్లీ మెయిల్ వచ్చినవాళ్లు స్పామ్ బటన్ నొక్కకుండా ఉంటారా?

ఇక్కడ చాలామంది పట్టించుకోని ఒక ఆధారం ఉంది. లిస్ట్‌మాంక్ పంపే అన్‌సబ్‌స్క్రైబ్ లింకులో ఆ సబ్‌స్క్రైబర్‌కు మాత్రమే చెందిన పొడవాటి గుర్తింపు కోడ్ ఉంటుంది. ఆ లింకు మీద జరిగిన ప్రతి పోస్ట్ రిక్వెస్టూ ముందున్న ఎన్‌జిన్‌ఎక్స్ లాంటి వెబ్ సర్వర్ యాక్సెస్ లాగ్‌లో తేదీ, సమయంతో సహా పడుతుంది. డేటాబేస్ నాలుగు రోజులు వెనక్కి పోయినా లాగ్ ఫైల్ పోలేదంటే, ఆ నాలుగు రోజుల వరుసల నుంచి కోడ్‌లు ఏరుకుని, వాళ్లందరినీ మళ్లీ అన్‌సబ్‌స్క్రైబ్ చేయొచ్చు. ఆ పేజీలో కేవలం లిస్టులు మార్చుకున్నవాళ్లు కూడా ఆ వరుసల్లో కలిసి ఉండొచ్చు. అనుమానం ఉన్నచోట పంపకుండా ఉండటమే సరైనది. అందుకే డేటాబేస్, వెబ్ సర్వర్ లాగ్‌లు రెండూ ఒకే డిస్కులో పెట్టకుండా విడిగా దాచుకోవాలి. బ్యాకప్ నుంచి లేపాక ఈ పని పూర్తయ్యేదాకా ప్యాసివ్ ఆప్షన్‌లోనే ఉంచాలి.

ప్రతిసారీ కనెక్ట్ అయ్యాక మూడు ప్రశ్నలు డేటాబేస్‌నే అడగడం మంచిది. నీ పేరేమిటి, నువ్వు ఏ సర్వర్ అడ్రస్‌లో ఉన్నావు, నీ దగ్గర చివరి అన్‌సబ్‌స్క్రైబ్ ఎప్పటిది. మొదటి రెండింటికీ పోస్ట్‌గ్రెస్‌లో నేరుగా ఫంక్షన్లున్నాయి. మూడోది సబ్‌స్క్రిప్షన్ల టేబుల్‌లో వద్దన్నవాళ్ల వరుసల్లో అన్నింటికంటే కొత్త తేదీ. లిస్టు పెద్దదై, ఆ తేదీ వారం కిందటిదైతే, మీరు పాత కాపీలో ఉన్నారేమో అని ఆగి చూసుకోవాలి.

దుకాణం డేటాబేస్‌తో కలపడం

ఇంకో రకం కనెక్షన్ కూడా అడుగుతుంటారు. ఒక చేనేత దుకాణం ఉందనుకుందాం, దాని బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో కొనుగోలుదారుల వివరాలున్నాయి, వాటిని మెయిల్ సాఫ్ట్‌వేర్‌కు అందించాలి. బిల్లింగ్ డేటాబేస్ పాస్‌వర్డ్‌ను అలాగే ఇచ్చేయడం సులభమైన దారి, కానీ చెడ్డ దారి. బిల్లింగ్ డేటాబేస్‌లో చదవడానికి మాత్రమే హక్కున్న కొత్త యూజర్‌ను పెట్టాలి, అది కూడా టేబుళ్ల మీద కాకుండా, వాటిలోంచి ఎంచిన వివరాలనే చూపించే ఒక వ్యూ మీద. ఆ వ్యూలో పేరు, ఈమెయిల్, ఊరు, మెయిళ్లకు ఒప్పుకున్న తేదీ ఉంటే చాలు. ఒప్పుకోనివాళ్లు ఆ వ్యూలో అసలు కనపడకూడదు. ఫోన్ నంబర్లు, కొన్న వస్తువుల ధరలు మెయిల్ సాఫ్ట్‌వేర్‌కు ఎందుకు? ఈమెయిల్ ముందూ వెనకా ఉన్న ఖాళీలు తీసేసి, అన్నీ చిన్న అక్షరాల్లోకి మార్చే పని కూడా వ్యూలోనే చేసేయాలి. ఊరి పేరు ఒకచోట తెలుగులో, ఇంకోచోట ఇంగ్లిష్‌లో ఉంటే గుంటూరు వాళ్లకు మాత్రమే పంపాలనుకున్నప్పుడు సగం మందే వస్తారు, దాన్నీ అక్కడే సరిచేసుకోవాలి.

దీనిలో అసలు చిక్కు వివరాలు రావడంలో లేదు, తిరిగి వెళ్లడంలో ఉంది. అన్‌సబ్‌స్క్రైబ్ చేసింది మెయిల్ సాఫ్ట్‌వేర్‌లో, ఆ సంగతి బిల్లింగ్ డేటాబేస్‌కు తెలియదు. ఒప్పుకున్న తేదీ అక్కడ అలాగే ఉంటుంది. రెండు నెలల తర్వాత దీపావళికి మళ్లీ లిస్టు తీసి ఇంపోర్ట్ చేస్తారు. లిస్ట్‌మాంక్ ఇంపోర్ట్ పేజీలో పాత వివరాల మీద కొత్తవి రాయాలా అని ఒక ఆప్షన్ ఉంటుంది. అది సబ్‌స్క్రిప్షన్ స్థితికి కూడా వర్తించేలా పెడితే వద్దన్నవాళ్లు మళ్లీ చేరినట్టు మారిపోతారు. పేర్లు, ఊళ్లు సరిచేయడానికి ఇంపోర్ట్ చేస్తున్నప్పుడు స్థితి మీద రాసే ఆప్షన్ తీసేసి ఉంచాలి. దానితో పాటు, మెయిల్ సాఫ్ట్‌వేర్ నుంచి వద్దన్నవాళ్ల అడ్రస్‌లను రోజుకోసారి బయటికి తీసి, బిల్లింగ్ డేటాబేస్‌లో వేరే టేబుల్‌లో రాసే చిన్న ప్రోగ్రామ్ ఒకటి కావాలి. దానికి రాసే హక్కు ఆ ఒక్క టేబుల్ మీదే ఇవ్వాలి. వ్యూ ఆ టేబుల్‌ను చూసి, అందులో ఉన్న అడ్రస్‌లను వదిలేయాలి. అప్పుడు దీపావళి లిస్టును ఎవరు తీసినా, ఏ ఆప్షన్ నొక్కినా, వద్దన్నవాళ్ల అడ్రస్‌లు ఆ ఫైల్‌లో ఉండవు.